అత్తగారూ, ఒక ఇంగ్లీషు క్రియా

జూన్ 3

కొత్త క్రియ వచ్చింది. పుట్ అప్.

మా ఎడిటరుగారు కాగితం చేతిలో పెడుతూ, "చిన్నది. తేలిగ్గా ఉంటుంది. ఇప్పుడు మీకు తేలికవే ఇద్దామనుకున్నాం," అన్నారు. ఆఫీసులో ఆయన్ని కత్తెరగారు అంటారు. ఎవరి వాక్యమైనా ఆయన బల్ల మీద నుంచి సగమై తిరిగొస్తుంది. అలాంటి మనిషి 'ఇప్పుడు' అన్నచోట గొంతు తగ్గించారు. ఫిబ్రవరి నుంచి ఆఫీసులో అందరిదీ నా దగ్గర అదే గొంతు. అటెండరు ఫ్యాను వేయమంటారా అని అడిగినా పరామర్శకు వచ్చినట్టే ఉంటుంది.

పుస్తకం విద్యార్థుల కోసం. ఇంగ్లీషులో రెండు చిన్న మాటలు కలిసి ఒక క్రియ అయితే, దానికి ఎన్ని అర్థాలున్నాయో అన్నీ రాయాలి. ఒక్కో అర్థానికి సరిపోయే తెలుగు మాటలు, ఒక ఉదాహరణ వాక్యం. ఇంటికి తెచ్చుకుని రాయవచ్చు.

తెచ్చుకున్నాను. పెద్ద నిఘంటువు తెరిచి చూశాను. చిన్నది కాదు.

జూన్ 4

ఇంట్లో ఇద్దరం. నేనూ, అత్తగారూ.

అత్తగారు నాతో మాట్లాడరు. కోపం కాదు, మొహమాటం. పెళ్ళయిన కొత్తలో ఇద్దరికీ ఉండేది. మధ్యలో మా ఆవిడ ఉండేది కాబట్టి అది పోవలసిన అవసరం రాలేదు. మామగారు పోయాక అత్తగారు మా ఇంటికే వచ్చేశారు. ఒకే కప్పు కింద ఉంటూ కూడా తన ద్వారానే మాట్లాడుకున్నాం.

"అమ్మా, ఆయన పేపరు అడుగుతున్నారు."

"ఆయన కుర్చీ కిందే ఉందని చెప్పవే."

పేపరు నాకూ కనిపించేది. అయినా తను చెప్పేదాకా ఆగేవాడిని.

ఇప్పుడు అత్తగారు వస్తువులతో మాట్లాడుతున్నారు. ఈ ఉదయం ఫ్రిజ్‌తో అన్నారు: "పాలు అయిపోయాయి. ఎవరైనా బయటికి వెళ్తే తెచ్చిపెడితే బాగుంటుంది."

నేను చెప్పుల స్టాండుతో అన్నాను: "వెళ్తున్నాను."

ఇబ్బందేమీ లేదు. పని జరిగిపోతోంది.

జూన్ 6

గొడుగు విప్పడం. చెయ్యి ఎత్తడం. పటం తగిలించడం. గోడ కట్టడం. డేరా వేయడం. ధర పెంచడం. ఎన్నికల్లో మనిషిని నిలబెట్టడం. ఇల్లు అమ్మకానికి పెట్టడం. పళ్ళు సీసాల్లో నిలవ చేయడం. అన్నిటికీ ఇంగ్లీషువాడు పుట్ అప్ అనే అంటాడు. ఇంకా ఉన్నాయి.

అత్తగారు హైస్కూల్లో లెక్కల టీచరుగా రిటైరయ్యారు. బట్టలు మడతపెడుతూ నా బల్ల మీది కాగితాలు చూసి ఇస్త్రీ పెట్టెను అడిగారు: "రెండు ముక్కల మాట మీద ఇంత కట్ట ఎందుకో?"

నేను కిటికీకి చెప్పాను: "అర్థాలు చాలా ఉన్నాయి."

"ఎన్నట?" ఇస్త్రీ పెట్టెనే.

"పద్నాలుగు దాకా తేలాయి."

ఆవిడ తువ్వాలు మడత ఆపేశారు. "ఎక్స్‌కి పద్నాలుగు విలువలు వచ్చాయంటే ఎక్కడో లెక్క తప్పిందని అర్థం. మొదటి నుంచి చేయాలి."

"భాషలో అలా కుదరదు."

"కుదరకపోతే ఆ భాష ఎందుకు? పిల్లలు ఏమైపోవాలి?"

నేను కిటికీ రెక్క వేసేశాను.

జూన్ 8

బావమరిది ఫోన్ చేశాడు. వాడు బస్సు డిపోలో మేనేజరు. ఫోన్లో కూడా ప్లాట్‌ఫారం మీద అరిచినట్టే మాట్లాడతాడు.

"బావగారూ, అమ్మని మా ఇంటికి తీసుకొచ్చేస్తాను. అక్క ఉన్నన్నాళ్ళూ వేరే సంగతి. ఇప్పుడు అమ్మ అక్కడ ఉండటం మీకూ ఇబ్బంది, ఆవిడకీ ఇబ్బంది. ఏమంటారు?"

"ఆవిడ ఇష్టం," అన్నాను.

"అదే, అమ్మనీ అడిగాను. నెలాఖరు ఆదివారం వ్యాను తీసుకుని వస్తా. సామాను ఎక్కించేద్దాం."

అత్తగారు ఏమన్నారని అడగలేదు. తీసుకెళ్తానంటున్నాడంటే ఒప్పుకున్నారనే కదా.

మంచిదే. ఆవిడ ఉండే ముందు గది ఖాళీ అవుతుంది. ఇంట్లో అన్నిటికంటే వెలుతురున్న గది అదే. రాసుకోవడానికి బాగుంటుంది. నాకేం అభ్యంతరం లేదు.

జూన్ 9

నాకేం అభ్యంతరం లేదు.

జూన్ 11

పుట్ అప్: ఎవరినైనా ఇంట్లో ఉంచుకోవడం. బస ఇవ్వడం, చోటివ్వడం, ఆశ్రయమివ్వడం. నిఘంటువు ప్రకారం 'కొద్ది రోజులకు మాత్రమే'. ఎక్కువ రోజులు ఉంచుకుంటే ఏమంటారో చెప్పలేదు.

ఉదాహరణ రేపు రాస్తాను.

జూన్ 12

రాయలేదు. తర్వాతి అర్థానికి వెళ్ళాను. పుట్ అప్ విత్. భరించడం, సహించడం, ఓర్చుకోవడం, సర్దుకుపోవడం, పడి ఉండటం, నెట్టుకురావడం. ఒక అర్థానికి ఇన్ని తెలుగు మాటలు ఇంతవరకు దొరకలేదు. బయటికి చదువుకున్నాను. తప్పు నాదే.

వంటింట్లోంచి కుక్కరుతో మాట వినిపించింది: "సర్దుకుపోవడం ఇద్దరూ కలిసి చేసేది. భరించడం ఒక్కరే చేసేది. రెండూ ఒకే వరసలో ఎలా రాస్తారో."

"పర్యాయపదాలండీ. కాస్త అటూ ఇటూ ఉంటాయి," అన్నాను.

"అటూ ఇటూ ఉంటే సమానం గుర్తు పెట్టకూడదు."

"పెట్టలేదు. కామా పెట్టాను."

"కామా పెడితే పిల్లాడు సమానమనే అనుకుంటాడు! ఎవరికి కావాలి మీ కామా?"

"నిఘంటువులో అలాగే పెడతారండీ!"

గొంతు పెరిగింది. ఇద్దరిదీ. అప్పుడు చూసుకున్నాం. ఆవిడ వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని, నేను హాల్లో పెన్ను పట్టుకుని, ఎదురెదురుగా నిలబడి ఉన్నాం. మధ్యలో కుక్కరూ లేదు, కిటికీ లేదు.

ఆవిడ చటుక్కున లోపలికి వెళ్ళిపోయారు. నేను బాత్రూంలోకి వెళ్ళి ఊరికే కాసేపు కుళాయి తిప్పి వచ్చాను.

జూన్ 15

ఆఫీసు. కత్తెరగారు లోపలికి పిలిచి కుర్చీ చూపించి, మంచినీళ్ళు తెప్పించారు. ఇలాంటి మర్యాద ఆయన రాజీనామా చేసేవాళ్ళకే చేస్తారు.

"మీ ఉదాహరణలు చదివాను. బాగున్నాయి. చాలా… జీవం ఉంది. కానీ అన్నిట్లోనూ ఒకావిడే ఉన్నారు."

"ఏ ఆవిడ?"

ఆయన చదివారు. "'ఆవిడ దుమ్ము దులపడానికి ఇంట్లోనే గొడుగు విప్పింది.' 'ఆవిడ క్యాలెండరును వంకరగా తగిలించి, గోడే వంకరగా ఉందని వాదించింది.' 'టమాటాల ధర పెంచాడని ఆవిడ కూరగాయలవాడికి శాతాలు నేర్పింది.'" కాగితం కింద పెట్టారు. కళ్ళజోడు తీశారు. "అర్థం చేసుకోగలను. మనిషి దూరమైనా మనసులో నుంచి…"

"మా అత్తగారు," అన్నాను.

"ఆఁ?"

"ఆవిడ మా అత్తగారండీ. బతికే ఉన్నారు."

కత్తెరగారు కళ్ళజోడు పెట్టుకున్నారు. ఫిబ్రవరి తర్వాత మొదటిసారి మామూలు గొంతు వచ్చింది. "మరి మా విద్యార్థులకి మీ అత్తగారెందుకండీ? అన్నీ మార్చండి! శాతాలేమిటి, గొడుగేమిటి! పుస్తకమా, మీ ఇంటి పంచాయితీనా?"

హాయిగా అనిపించింది. నీళ్ళు తాగి వచ్చేశాను.

జూన్ 16

మార్చాను. 'విద్యార్థి గొడుగు విప్పాడు.' 'విద్యార్థి క్యాలెండరు తగిలించాడు.' 'వ్యాపారి ధర పెంచాడు.'

తప్పులేమీ లేవు. వీళ్ళు ఎవరో, ఎందుకు చేస్తున్నారో నాకు తెలియదు.

జూన్ 18

పుట్ అప్: జుట్టు పైకి చుట్టి ముడి వేసుకోవడం.

ఈ రోజు రాయలేదు.

జూన్ 19

రాయలేదు.

జూన్ 20

అత్తగారు టేబుల్ లైటుతో అన్నారు: "ఎవరో మొన్నటి నుంచి ఒకే కాగితం ముందు కూర్చున్నారు. అంత కష్టమైన అర్థమేమిటో."

"జుట్టు ముడి వేసుకోవడం," అన్నాను. లైటుతోనే.

ఆవిడ చేతిలో ఉన్న గ్లాసులు బల్ల మీద పెట్టి వాటిని వరసలో జరిపారు. ఒకదాన్ని మళ్ళీ జరిపారు.

"తలస్నానం చేసి వచ్చి జుట్టు పైకి చుట్టేసుకునేది," అన్నారు. "పిన్ను నోట్లో పట్టుకుని, పిన్ను ఎక్కడ పెట్టానమ్మా అని అడిగేది. మాట ముద్దముద్దగా వస్తుంటే పిన్ను నోట్లోనే ఉందని తెలియాలి కదా. నాకూ తట్టేది కాదు. ఇద్దరం కలిసి ఇల్లంతా వెతికేవాళ్ళం."

"నన్నూ అడిగేది," అన్నాను.

"మీరేం చేసేవారు?"

"వెతికేవాడిని."

అత్తగారు గ్లాసులు తీసుకుని వెళ్ళిపోయారు.

వాక్యం రాశాను. మూడు పంక్తులు వచ్చింది. కత్తెరగారు కోసేస్తారు. కోయనీ.

జూన్ 22

సామాను సర్దుడు మొదలైంది. అత్తగారు పెట్టె తెరిచి చీరలు పెడుతున్నారు. మధ్యమధ్య వంటింట్లోకి వెళ్ళి అలమారకు పాఠం చెబుతున్నారు. గట్టిగా, వెనక బెంచీకి కూడా వినపడేలా.

"ఇది ఉప్పు. ఇది పంచదార. రెండూ తెల్లగానే ఉంటాయి. రుచి చూసి వేసుకోవాలి. గ్యాసు రాత్రి కింద సిలిండరు దగ్గర కూడా కట్టేయాలి. నల్లగింజల డబ్బా మిరియాలు, బొప్పాయి గింజలు కావు. కుక్కరు మూతకి రబ్బరుంటుంది. లేకుండా పెడితే గంటసేపు చూసినా కూత రాదు."

"తెలుసు," అన్నాను హాల్లో నుంచి.

"తెలిస్తే మంచిదే," అన్నారు అలమారతో.

సాయంత్రం కాఫీ నేనే పెట్టుకున్నాను. ఉప్పు పడింది. తాగేశాను. ఆవిడ చూస్తున్నారు.

జూన్ 24

ముందు గదిలో నా బల్ల ఎక్కడ వేయాలో చూసుకున్నాను. వెలుతురు నిజంగానే బాగుంది. అన్నిటికంటే ఆవిడ కుర్చీ వేసుకునే చోట బాగుంది. కుర్చీ కదపడం ఎందుకు, పక్కన వేసుకుందామనుకున్నాను. కాస్త ఇరుకవుతుంది, ఫర్వాలేదు.

కుర్చీ కూడా వెళ్ళిపోతుందని తర్వాత గుర్తొచ్చింది.

జూన్ 26

పుట్ అప్ అ ఫైట్. ప్రతిఘటించడం, ఎదురు తిరగడం, ఊరికే లొంగకపోవడం.

ఉదాహరణ: 'అతను ఏ ప్రతిఘటనా చూపలేదు.'

ఇందులో అత్తగారు లేరు. కత్తెరగారికి నచ్చుతుంది.

జూన్ 28, ఆదివారం

బావమరిది పొద్దున్నే వ్యాను వేసుకుని దిగాడు. వచ్చీ రాగానే, "టైమయిపోతోంది, టైమయిపోతోంది," అన్నాడు. దేనికి టైమో తెలియదు. వాడు ఏ మనిషినైనా ఎక్కించి పంపేయవలసిన ప్రయాణికుడిగానే చూస్తాడు.

వాడూ డ్రైవరూ కలిసి మంచం ఎక్కించారు. పెట్టె, పరుపు, కుర్చీ, స్టూలు, కుర్చీ పక్కనుండే దీపం, గోడ గడియారం. ముందు గది నున్నగా అయిపోయింది. నేను ఆ గదిలో నిలబడ్డాను. అత్తగారు వంటింట్లో ఉన్నారు. బావమరిది మధ్యలో, హాల్లో.

"అమ్మా, బావగారికి చెప్పేసి రా. బయల్దేరదాం."

వంటింట్లోంచి: "రేపటి నుంచి పాలు ఒక ప్యాకెట్టు చాలని పాలవాడితో చెప్పానని ఆయనకి చెప్పరా."

"బావగారూ, పాలు ఒకటే…"

"వినిపించింది. రెండూ ఉంచమను," అన్నాను.

"అమ్మా, రెండూ ఉంచమంటున్నారు."

"ఒక్క మనిషికి రెండెందుకని అడుగు."

"ఎందుకు బావగారూ?"

"అలవాటు."

"అలవాటటమ్మా."

"పాలు విరిగిపోతాయని చెప్పు."

"విరిగిపోతా… అబ్బబ్బ!" బావమరిది హాలు మధ్యలో నిలబడిపోయాడు. వాడి చొక్కా చెమటకు తడిసి వీపుకు అంటుకుంది. "పక్క గదిలో ఉన్నారు ఇద్దరూ! నేను ట్రంకు కాలు ఎక్స్ఛేంజీనా? అక్క రోజంతా ఇలా ఎలా తిరిగిందో…"

ఆ మాట పూర్తి చేయకుండా చొక్కా అంచుతో మొహం తుడుచుకున్నాడు.

వాడే మళ్ళీ, కాస్త నెమ్మదిగా: "బావగారూ, నిజం చెప్పండి. అమ్మని తీసుకెళ్ళమని మీరే కదా అన్నారు?"

"నేనెప్పుడన్నాను? ఆవిడ ఇష్టం అన్నాను."

"ఆవిడ ఇష్టం అంటే తీసుకెళ్ళమనే కదా!"

"కాదు. ఆవిడ ఇష్టం అని."

"మరి అమ్మని అడిగితే 'అల్లుడుగారి ఇష్టం' అంది. ఓహో, ఆయనకి ఇష్టం లేదని పాపం బయటికి చెప్పలేకపోతోంది అనుకున్నాను!"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

"అంటే ఏమిటి?" అన్నాడు వాడు, ఒకసారి ఇటు, ఒకసారి అటు చూస్తూ. "పంపడం ఈయనకి ఇష్టం లేదు. రావడం ఆవిడకి ఇష్టం లేదు. నేనేమో సెలవు పెట్టి, వ్యాను మాట్లాడి, నడుం విరగ్గొట్టుకుని మంచం ఎక్కించాను. అంతేనా?"

వాడు చెప్పులు వేసుకున్నాడు.

"మీరూ మీరూ తేల్చుకోండి. నేను డ్రైవరుకి టీ ఇప్పించి వస్తా. వచ్చేసరికి మంచం వ్యానులో ఉండాలో ఇంట్లో ఉండాలో ఒక్క మాటలో చెప్పండి. ఒక్కటే మాట, ఒక్కటే అర్థం. ఆ పుస్తకాల పైత్యం నా దగ్గర వద్దు."

తలుపు వేసుకుని వెళ్ళిపోయాడు.

అత్తగారు చేతులు తుడుచుకుంటూ ముందు గదిలోకి వచ్చారు. ఇటు చూశారు, అటు చూశారు. గదిలో మాట్లాడటానికి ఒక్క వస్తువూ మిగలలేదు. అన్నీ వ్యానెక్కాయి. గడియారం ఉన్న చోట మేకు మాత్రం ఉంది. మేకును కాసేపు చూశారు. చివరికి నన్ను చూశారు.

"నేను ఇక్కడికి వచ్చిన కొత్తలో," అన్నారు, "వెళ్ళిపోతాననే దాన్ని. అన్నప్పుడల్లా అమ్మాయి ఒక మాట చెప్పేది. 'నువ్వుంటేనే ఇల్లు ఇల్లులా ఉందని ఆయన అంటున్నారమ్మా' అని. ఆ మాట పట్టుకునే ఉండిపోయాను. అది మీరన్న మాటేనా?"

నేనెప్పుడూ అనలేదు.

"అన్నాను," అన్నాను.

"అబద్ధం. మీరు అంత పొడుగు వాక్యం ఈ ఇంట్లో ఎప్పుడూ మాట్లాడలేదు."

నేల చూశాను. మంచం కోళ్ళ గుర్తులు తెల్లగా కనిపిస్తున్నాయి.

"సరే, అది వదిలేయండి. ఇప్పుడు చెప్పండి. ఉండమంటారా, వద్దంటారా?"

"మీ ఇష్…"

"అది జవాబు కాదు. బతుకంతా పిల్లల పేపర్లు దిద్దాను. జవాబు రానివాడే అలా నసుగుతాడు."

"ఉండండి," అన్నాను.

"ఎందుకు?"

"ఎందుకేమిటండీ?"

"ఊరికే జవాబు వేస్తే మార్కులు లేవు. పక్కవాడి పేపర్లో చూసి రాశారో ఏమో నాకేం తెలుసు? లెక్క చేసి చూపించాలి."

వేళాకోళం కాదు. నిజంగానే అడుగుతున్నారు. చీర కొంగు మడత పెడుతున్నారు, విప్పుతున్నారు, మళ్ళీ పెడుతున్నారు.

ఆలోచించాను. తొందరగా రాలేదు. ఆవిడ ఆగారు.

"మీరు వెళ్ళిపోతే తను ఎలా ఉండేదో తెలిసినవాడిని ఈ ఇంట్లో నేనొక్కడినే మిగులుతాను," అన్నాను. "నేను ఏదైనా తప్పుగా గుర్తుపెట్టుకుంటే దిద్దేవాళ్ళుండరు."

అత్తగారు కిటికీ దగ్గరికి వెళ్ళి బయటికి చూస్తూ నిలబడ్డారు. కిటికీతో ఏమీ అనలేదు. వెనక నుంచి భుజాలు కనిపించాయి. నేను చూపు తిప్పుకున్నాను.

కాసేపటికి ముక్కు చీది, కిటికీలోంచి వీధిలోకి కేకేశారు: "ఒరేయ్! ఆ టీ తాగింది చాలుగానీ, మంచం దించండి! ఈసారి తలవైపు కిటికీకి రాకుండా వేయాలి. ఇన్నేళ్ళూ తప్పు వైపే వేశారు. నన్నెవరు అడిగారు?"

బావమరిది మంచం మోసుకొస్తూ అన్నాడు: "ఎక్కిన సరుకు బండి కదలకుండానే దిగిపోవడం మా డిపో చరిత్రలో లేదు."

వెళ్ళేముందు నన్ను పక్కకి పిలిచి, "మళ్ళీ వ్యాను కావాలంటే మాత్రం రాతపూర్వకంగా అడగండి బావగారూ," అన్నాడు. తర్వాత నా చెయ్యి పట్టుకుని కాసేపు వదలలేదు.

జూన్ 29

ఆఫీసుకు ఆలస్యంగా వెళ్ళాను. పొద్దున కాఫీ దగ్గర మాటలు మొదలై ఆగలేదు.

అత్తగారే మొదలుపెట్టారు. "ఆ సంవత్సరం మీకు జ్వరం వచ్చినప్పుడు, నేనేమన్నానని చెప్పింది మీతో?"

"'అమ్మ తెగ కంగారు పడుతోంది' అని."

"కంగారా! వానలో తడిసొచ్చి, తల తుడుచుకోకుండా పుస్తకం ముందేసుకుని కూర్చున్న మనిషికి జ్వరం కాక మెడల్ వస్తుందా అన్నాను."

ఇది నాకు కొత్త. కాసేపు ఆలోచించాను. "నేను మీ వంట గురించి ఏమన్నానని చెప్పేది?"

"ఆయన చాలా ఇష్టంగా తింటున్నారమ్మా అని."

"కారం తగ్గించమని చెప్పమనేవాడిని."

అత్తగారు కప్పు కింద పెట్టారు. "అందుకా మీరు చెంబులకి చెంబులు నీళ్ళు తాగేవారు! ఇష్టంగా తింటున్నారు కదా అని నేను ప్రతిసారీ ఇంకాస్త దట్టించేదాన్ని!"

"కళ్ళు కూడా తుడుచుకునేవాడిని."

"అది చూసి పాపం మెత్తటి మనసు అనుకున్నాను!"

ఒక్కొక్కటీ బయటికి తీశాం. ఆవిడ 'ఆయనకి చెవుడా' అంటే నాకు 'అమ్మ మీ అభిప్రాయం అడుగుతోంది' అని చేరింది. నేను 'రేడియో కట్టేయమను' అంటే ఆవిడకి 'పాట బాగుంది, ఎవరు పాడారమ్మా అని అడుగుతున్నారు' అని చేరింది. ఆవిడ పాపం పాట ఎవరిదో చెప్పి పంపేవారట. నాకు ఆ పేర్లు ఎందుకు చెబుతున్నారో ఇన్నేళ్ళూ అర్థం కాలేదు.

నిఘంటువు ముందేసుకుని కూర్చునేవాడిని నేను. ఒక మాటకి బదులు ఇంకో మాట వేసే పని మాత్రం ఈ ఇంట్లో తను చేసింది. కామా కూడా కనపడలేదు.

ఇద్దరం నవ్వాం. చాలాసేపే. తర్వాత ఆగిపోయాం.

అత్తగారు కప్పు అంచు తడుముతూ అడిగారు: "ఆస్పత్రిలో, ఆఖర్న, నా గురించి మీతో ఏమైనా చెప్పిందా?"

చెప్పింది. ఎవరికీ చెప్పలేదు నేను. ఈ డైరీలో కూడా రాయలేదు.

"'అమ్మే ముందు మాట కలుపుతుంది. మీరు తొందరపడకండి, ఆవిడ పలకరించేదాకా ఆగండి' అంది."

అత్తగారు నన్ను అలాగే చూస్తూ ఉండిపోయారు.

"మీతో?" అన్నాను.

"'ఆయనే ముందు పలకరిస్తారమ్మా. నువ్వు మీదపడి మాట్లాడకు. కాస్త టైమియ్యి' అంది."

బయట ఎవరో స్కూటరు స్టార్ట్ చేయడానికి ప్రయత్నిస్తున్నారు. అది స్టార్ట్ అయ్యేదాకా ఇద్దరం విన్నాం.

ఎప్పటిలాగే ఇద్దరి గురించీ చెరొక మంచి మాట చెప్పి వెళ్ళింది. ఇద్దరం నమ్మాం. ఆవిడ నా కోసం, నేను ఆవిడ కోసం, మర్యాదగా ఆగాం.

"ఈ ఒక్కసారి దాని మాట నమ్మకుండా ఉండవలసింది," అన్నారు అత్తగారు. కళ్ళు తుడుచుకున్నారు. కోపం లేదు. "బొత్తిగా లెక్క తప్పింది పిల్ల."

కాఫీ చల్లారిపోయింది. మళ్ళీ పెడతారా అని అడిగాను.

"మీకు చేతుల్లేవా?" అన్నారు.

లేచి పెట్టాను. ఇద్దరికీ.